జల్లెడ పట్టని కడుపు

ఆ రోజు పొద్దుటి నుంచి నలభై ఒక్క గాజు పలకలు చూశాను. ఒక్క దాంట్లోనూ పురుగు గుడ్డు లేదు.

మైక్రోస్కోపు చెడిపోయిందేమో అనుకున్నాను. కటకం తుడిచి, గుడ్లున్న పాత పలక ఒకటి పెట్టి చూసుకున్నాను. బాగానే కనిపిస్తున్నాయి. అప్పుడు లేచి పక్క గదిలోకి వెళ్ళి, "మేడం, అన్నీ ఖాళీ," అన్నాను.

డాక్టర్ సువార్త ఒక ఆఫ్రికా చిలకను తువ్వాలులో చుట్టి పట్టుకుని దాని నోట్లోకి చూస్తున్నారు. తల ఎత్తకుండానే, "ఎన్ని చూశావ్ పైడిరాజూ?" అన్నారు.

"నలభై ఒకటి మేడం. కొండచిలువలు, చిలకలు, ఇగువానాలు, షుగర్ గ్లైడర్లు, అన్నీ."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను. సాయంత్రం ఆవిడే వచ్చి నా కుర్చీలో కూర్చుని నలభై ఒకటీ చూశారు. ఆఖరి పలక పక్కన పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకుని గాభరా పడ్డాను. ఏడవడం లేదు, నవ్వుతున్నారు. పధ్నాలుగేళ్ళ పని ఆ రోజుకు ఫలించింది మరి.

మా క్లినిక్ విశాఖపట్నంలో, పెదవాల్తేరులో ఉండేది. కుక్కలు, పిల్లులు వేరేచోటికి వెళ్ళేవి. మా దగ్గరికి విదేశీ పెంపుడు జంతువులు వచ్చేవి. ఆ రోజుల్లో ఊళ్ళో అదొక సరదాగా మొదలై అలవాటుగా మారింది. కొండచిలువను తలగడ గలీబులో పెట్టి తెచ్చేవాళ్ళు, ఎగిరే ఉడతలాంటి షుగర్ గ్లైడర్‌ను చొక్కా జేబులో వేసుకొచ్చేవాళ్ళు. వాటికి జబ్బు చేసిందంటే పదింటిలో ఆరింటికి కారణం పేగుల్లో పురుగులే. నా పని వాటి రెట్టలు పరీక్ష చెయ్యడం. రెట్టను చిక్కటి ఉప్పునీళ్ళలో కలిపితే గుడ్లు పైకి తేలతాయి. వాటిని గాజు పలక మీదికి తీసి లెక్కపెట్టాలి. మా పిల్లలు స్కూల్లో "మీ నాన్న ఏం చేస్తారు" అని అడిగితే చెప్పడానికి మొహమాటపడేవాళ్ళు. నాకు మాత్రం ఎప్పుడూ చిన్నతనం అనిపించలేదు. ఎందుకంటే ఆ పని ఆవిడ కూడా చేసేవారు.

డాక్టర్ సువార్త తండ్రి పార్వతీపురంలో కాంపౌండరు. ఆవిడకు పదకొండేళ్ళప్పుడు రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నారట. ఆరేళ్ళ చెల్లెలు కరుణ రోజంతా దాన్ని ఒళ్ళో పెట్టుకునే ఉండేది. ఆ కుక్కపిల్ల పొట్టలోని పురుగు గుడ్డు ఎలాగో కరుణ కడుపులోకి చేరింది. అక్కడ పొదిగిన పిల్ల పురుగు నెత్తుట్లో పడి తిరిగి తిరిగి కంటికి చేరింది. కుడికన్ను పోయింది. ఇది నాకు ఆవిడ చెప్పలేదు. క్లినిక్‌లో రిసెప్షన్ చూసుకునే కరుణమ్మే ఒకసారి టీ తాగుతూ చెప్పారు, ఎవరి సంగతో చెబుతున్నట్టు తేలిగ్గా. "మా అక్క ఆ కుక్కపిల్లను తెచ్చినందుకు పెళ్ళి కూడా చేసుకోకుండా పురుగుల మీద పడింది తమ్ముడూ. నేను కన్ను పోయిన సంగతి ఏనాడో మర్చిపోయాను. ఆవిడ మర్చిపోదు."

ఆ మందుకు 'జల్లెడ' అని పేరు పెట్టింది కూడా కరుణమ్మే.

జల్లెడ అంటే మామూలు మందు కాదు, ఒక సూక్ష్మజీవి. పేగుల్లో హాయిగా బతికే రకాన్ని తీసుకుని డాక్టరుగారు దానికి కొత్త బుద్ధి నేర్పారు. మొదటిసారి నాకు చూపించిన రోజు ఇప్పటికీ గుర్తే. పలక మీద ఒక పురుగు గుడ్డు ఉంది, దాని పెంకు గట్టిగా మెరుస్తోంది. పక్కన జల్లెడ చుక్క వేశారు. కంటిముందే ఆ పెంకు నీళ్ళలో వేసిన అప్పడంలా మెత్తబడి, ముడతలు పడి, కూలిపోయింది. "ఒక్క చుక్క నాలుక మీద వేస్తే చాలు," అన్నారావిడ. "కడుపులో స్థిరపడి ఆ జంతువు బతికినన్నాళ్ళూ ఉంటుంది. ఉన్న పురుగులు ముసలివై చచ్చిపోతాయి. కొత్తవి పుట్టవు. ఏ జాతి పురుగైనా సరే."

"జీవితానికి ఒక్కసారేనా మేడం?"

"ఒక్కసారే."

హైదరాబాదులోని ఒక మందుల కంపెనీ దాన్ని తయారుచేసింది. అనుమతులు వచ్చాక ఏడాదిలో రెండు రాష్ట్రాల్లో వేల జంతువులకు వేశారు. ఎండుపుల్లల్లా వచ్చిన కొండచిలువలు మూడు నెలల్లో నిగనిగలాడాయి. ఈకలు రాలిన చిలకలు మళ్ళీ మాట్లాడాయి. ఎంవీపీ కాలనీ నుంచి ఒక రిటైర్డు లెక్చరర్ తన చిలకను తెచ్చి, అది "థాంక్యూ డాక్టర్" అనేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. ఉత్తరాలు, మెయిళ్ళు అన్నీ కరుణమ్మ ఫైళ్ళలో పెట్టేవారు.

డాక్టరుగారి చూపు మాత్రం జంతువుల మీద ఆగలేదు. పాడేరు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాల ఉంది. అక్కడి ఆడపిల్లల్లో సగం మందికి కడుపులో పురుగులు. మొహాలు పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు. మాత్రలు వేస్తే తగ్గేది, ఆరు నెలలకు మళ్ళీ మొదటికొచ్చేది. మనుషులకు పనికొచ్చే జల్లెడను తొలిసారి అక్కడ వెయ్యాలని నిర్ణయమైంది. ఆవిడతో నేనూ వెళ్ళాను. వార్డెన్ దేవమ్మగారు పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టారు. డాక్టరుగారు ఒక్కొక్క పిల్ల కింది కనురెప్ప లాగి చూస్తూ వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు దిగాక, "ఇంకో ఆరు నెలలు పైడిరాజూ. ఆ పిల్లలకు మళ్ళీ ఎవరూ మాత్ర వెయ్యక్కర్లేదు," అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దొరబాబు చిక్కిపోవడం మొదలైంది.

దొరబాబు కరుణమ్మ పెంచుకునే ఇగువానా. తోకతో కలిపి ఐదడుగుల పచ్చటి బల్లి. రిసెప్షన్ బల్ల మీద గడ్డం కింది తోలు వేలాడేసుకుని జమీందారులా కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు మొదట వాడికి దండం పెట్టి తర్వాత పేరు రాయించుకునేవాళ్ళు. మునగాకు, మందారపూలు కడుపునిండా తినేవాడు. అప్పుడూ తింటూనే ఉన్నాడు. అయినా తోక మొదలు దగ్గర ఎముకలు తేలాయి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు నుంచే ఇగువానాల రెట్టల్లో ఆకు ముక్కలు అరక్కుండా అలాగే రావడం చూశాను. ఈనెలతో సహా, నమిలిన గుర్తులతో సహా. కానీ నా ఫారంలో గుడ్లు లెక్కపెట్టే గడి ఒక్కటే ఉండేది. దాంట్లో 'సున్నా' అని రాసి సంతోషంగా సంతకం పెట్టేవాణ్ణి.

దొరబాబుకు రక్తపరీక్ష చేశాం, ఎక్స్‌రే తీశాం, సెలైన్ ఎక్కించాం. జబ్బేమీ దొరకలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కరుణమ్మ ఒళ్ళోనే పోయాడు. నోట్లో మందార రేకు ఇంకా ఉంది.

డాక్టరుగారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. కోసి చూడనిమ్మని అడగాలని ఉంది, నోరు రావడం లేదు. కరుణమ్మే చీర చెంగుతో వాడి మొహం తుడిచి, లేచి వచ్చి అక్క చేతుల్లో పెట్టారు.

"కొయ్యి అక్కా. ఎందుకు పోయాడో చూడు."

"నువ్వు ఇంటికెళ్ళు కరుణా."

"వెళ్ళను. ఇక్కడే కూర్చుంటాను."

పొట్ట నిండుగా ఉంది. పేగు నిండా ఆకు ఉంది, పచ్చగా, అప్పుడే కోసినట్టు. కడుపు నిండా తిండి పెట్టుకుని ఆ జీవి ఆకలితో చచ్చిపోయింది. డాక్టరుగారు పెద్దపేగు దగ్గర చీల్చి చూశారు. ఆరోగ్యంగా ఉన్న ఇగువానాల్లో అక్కడ సన్నటి తెల్లటి పురుగులు వందలకొద్దీ ఉంటాయి. అవి కూడా పురుగులే కాబట్టి మేం అందరం వాటిని శత్రువుల్లోనే లెక్కేశాం. దొరబాబు పేగులో ఒక్కటి కూడా లేదు.

ఆవిడ కత్తి పక్కన పెట్టారు. తర్వాత అలమారులోంచి పన్నెండేళ్ళ కిందటి సీసా తీయించారు. ఎప్పుడో ప్రమాదంలో చచ్చిన ఇగువానా పేగు అది, స్పిరిట్‌లో దాచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పాతదాంట్లో ఆకు మెత్తటి ముద్దగా ఉంది, మధ్యలో పురుగులు.

"ఇవి వాటి తిండి తినడం లేదు పైడిరాజూ," అన్నారావిడ నెమ్మదిగా. "కలియబెడుతున్నాయి. చిదుముతున్నాయి. ఇవి లేకపోతే ఆకు అరగదు. నేను దొంగల్ని పట్టుకుంటున్నానని ఇంట్లో పనివాళ్ళను కూడా చంపేశాను."

బయట బల్ల దగ్గర కూర్చున్న కరుణమ్మకు అంతా వినిపించింది.

వారంలో లెక్క తేలింది. జల్లెడ వేసిన ఇగువానాలు మా రికార్డుల్లో నూటఎనభై ఉంటే, నూటడెబ్బైతొమ్మిది చిక్కిపోతున్నాయి. అంతకంటే పెద్ద భయం వేరే ఉంది. సీతమ్మధారలో ఒకాయన ఇగువానాకు మేం అసలు జల్లెడ వెయ్యనే లేదు. క్లినిక్‌లో రెండు రోజులు ఒక బోనులో ఉంచాం, అంతే. దాని రెట్టలోనూ జల్లెడ కనిపించింది. అంటే రెట్టల ద్వారా ఒక జంతువు నుంచి ఇంకోదానికి అంటుకుంటోంది.

కంపెనీ నుంచి పరిశోధన విభాగం అధిపతి నిరంజన్‌గారు విమానంలో వచ్చారు. మర్యాదస్తుడు. చెడ్డవాడు కాదు. అంతా విని, "డాక్టరుగారూ, నూటికి తొంభైఎనిమిది జంతువులకు మీ మందు ప్రాణం పోసింది. ఇగువానాలకు వాడొద్దని లేబుల్ మీద రాద్దాం. సరిపోతుంది కదా?" అన్నారు.

"లేబుల్ చదివి జల్లెడ ఆగదు. దానంతట అది పాకుతోంది."

"మరి పాడేరు పిల్లలు? మనుషులు ఇగువానాలు కారు కదండీ. ఆకులు తిని బతకరు."

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువు అడిగారు.

ఆ రెండు రోజులు ఆవిడ ల్యాబులోనే ఉన్నారు. మూడో రోజు పొద్దున కరుణమ్మ ఇడ్లీలు తెచ్చి ఆవిడ ముందు పెట్టారు. నేను ఉప్పునీళ్ళు కలుపుతున్నాను. బయటికి వెళ్ళబోతే కరుణమ్మే, "ఉండు తమ్ముడూ, నువ్వు వింటే తప్పేం లేదు," అన్నారు.

"నిరంజన్ చెప్పింది నిజమే కరుణా," అన్నారు డాక్టరుగారు. "ఆ పిల్లల్లో ఒక్కత్తి కన్ను నిలబెట్టినా చాలు అనిపిస్తోంది. నీకు జరిగింది..."

"నా కన్ను అడ్డం పెట్టుకుని మాట్లాడకు అక్కా." కరుణమ్మ గొంతు పెరగలేదు. "నీకు తెలియక చేసింది కుక్కపిల్లను తేవడం. దానికి నిన్ను ఎవరూ తప్పుపట్టలేదు. తెలియకే దొరబాబుకు ఆ చుక్క వేశావు. దానికీ నేను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు నీకు తెలుసు. ఆ పిల్లల కడుపుల్లో నీకు తెలియనిది ఇంకేముందో నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను."

"వేశాక తియ్యగలవా?"

"తియ్యలేను."

"అయితే ఇడ్లీ తిను. చల్లారిపోతోంది."

ఆవిడ తిన్నారు. తిని, చెయ్యి కడుక్కుని నిరంజన్‌గారికి ఫోన్ చేశారు.

ఆ నెలాఖరున హైదరాబాదులో పశువైద్యుల మహాసభ. జల్లెడకు సన్మానం చెయ్యడానికే ఆవిణ్ణి పిలిచారు. శాలువా కప్పబోతే వద్దని మైకు దగ్గరికి నడిచారు. తెర మీద రెండు పేగుల ఫోటోలు వేయించారు. పన్నెండు నిమిషాల్లో అంతా చెప్పారు. జల్లెడను వెంటనే ఆపాలని, మనుషుల ప్రయోగం రద్దు చెయ్యాలని, ఈ పొరపాటు పూర్తిగా తనదేనని అన్నారు. వెనక వరసలోంచి ఎవరో లేచి, "మీ మందు తప్పని మీరే చెప్పుకుంటున్నారా?" అని అడిగారు.

"నా మందు కాబట్టే ముందుగా నేను చెప్పాలి," అన్నారావిడ.

చప్పట్లు పడలేదు. ఆ హాల్లో కూర్చుని నేను మాత్రం అనుకున్నాను, ఈ మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు నా పిల్లలు ఇక మొహమాటపడక్కర్లేదని.

తర్వాత జరిగినవి చెప్పుకుంటే చాలా ఉన్నాయి. కంపెనీ తెగతెంపులు చేసుకుంది. క్లినిక్‌కు వచ్చేవాళ్ళు సగానికి సగం తగ్గారు. ఇగువానాల యజమానులు వచ్చి తిట్టేవాళ్ళు, ఆవిడ నిలబడి పూర్తిగా విని, క్షమించమని అడిగేవారు. కానీ ఆవిణ్ణి అన్నిటికన్నా కుంగదీసింది పాడేరు నుంచి వచ్చిన ఫోను.

"మా పిల్లలకు ఇంక వెయ్యరా డాక్టరమ్మా?" అని అడిగారు దేవమ్మగారు. "ఆశ పెట్టుకున్నాం."

"వెయ్యను దేవమ్మగారూ. పాత మాత్రలే వేద్దాం. ఆరు నెలలకోసారి నేనే తెస్తాను. ఒక్కొక్క పిల్లనూ నేనే పరీక్ష చేస్తాను."

"రండి. మీరు వస్తే చాలు," అన్నారు దేవమ్మగారు.

ఇక మిగిలిన ఇగువానాలను బతికించడం ఎలా? వాటికి ఆ తెల్లపురుగులు తిరిగి ఇవ్వాలి. కానీ కడుపులో జల్లెడ ఉన్నంతకాలం ఏ గుడ్డూ నిలవదు. పోనీ జల్లెడను తీసేద్దామన్నా తీసే దారి తెలియదు. పైగా పురుగులున్న ఇగువానా ఎక్కడుంది? విశాఖ, విజయవాడ, హైదరాబాదు అన్నీ గాలించాం. ప్రతి పలకా ఖాళీ. ఒకప్పుడు ఏ ఖాళీ పలక చూసి ఆవిడ నవ్వారో, ఇప్పుడు అది చూస్తే నాకు భయం వేసేది.

దారి చూపింది కరుణమ్మ. ఆవిడ తన ఫైళ్ళన్నీ ముందేసుకుని, ఉన్న ఒక్క కంటితో వారం రోజులు ఒక్కో కాగితమే చదివారు. వేల కొద్దీ మెచ్చుకోళ్ళ మధ్య ఒక ఫిర్యాదు దొరికింది. అది కొత్తగూడెం నుంచి వచ్చింది. జల్లెడ వేసిన మూడు నెలలకు పంపాల్సిన ఫారం అది. అక్కడి పశువుల డాక్టరు 'పురుగుల గుడ్లు ఉన్నాయి' అని రాసి సంతకం చేశారు. కింద పెద్ద అక్షరాలతో యజమాని రాసిన మాట: 'మీ మందు పనిచేయలేదు.'

"అక్కా," అని కేకేశారు కరుణమ్మ. "నూటఎనభైలో నూటడెబ్బైతొమ్మిదే చిక్కాయన్నావు. ఆ ఒక్కటీ ఇదే."

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం.

ఆయన పేరు ఓదెలు. బొగ్గుగనిలో ముప్పైనాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. హైదరాబాదులో కొలువు చేసే కూతురు ఇగువానాను కొనుక్కుని, అద్దె ఇంటివాళ్ళు ఒప్పుకోకపోతే తెచ్చి తండ్రికిచ్చి పోయింది. అందరూ పెట్టినట్టు ఆయన దాన్ని గాజుపెట్టెలో పెట్టలేదు. వాకిలంతా ఇనుప జాలీ కట్టి, నడుమ జామచెట్టు, ఒక పక్క రేకుల నీడ, నీళ్ళతొట్టి ఏర్పాటు చేశారు. ఏప్రిల్ నెల. తల మాడిపోయే ఎండ. జాలీలోపల బండరాయి మీద ఇగువానా ఒళ్ళు విరుచుకుని పడుకుంది. తోక మొదలు నా మణికట్టంత లావుంది.

"గిదే మా బంగారి," అన్నారాయన. "మీ మందైతే పనిచేయలే డాక్టరమ్మా. నేను అబద్ధం రాయలే. పురుగులున్నయన్నరు. గాని అది మంచిగనే తింటున్నది, మంచిగనే తిరుగుతున్నది. మల్ల ఎందుకొచ్చిండ్రు?"

డాక్టరుగారు ఆయనకు రెండు చేతులూ జోడించారు. "మీ దగ్గర పురుగులు అడగడానికి వచ్చానండి."

ఓదెలుగారు కరుణమ్మ వైపు చూశారు, నా వైపు చూశారు. ఎగతాళి చేస్తున్నామేమోనని. డాక్టరుగారు అక్కడే మంచం మీద కూర్చుని దొరబాబు దగ్గర నుంచి అన్నీ చెప్పారు. ఆయన అంతా విన్నారు. లోపలికి పోయి నీళ్ళు తెచ్చి ముగ్గురికీ ఇచ్చారు. "తీస్కోండ్రి. ఎన్ని కావాల్నో అన్ని తీస్కోండ్రి. పాపం, కడుపునిండ తిని సచ్చుడేంది," అన్నారు.

బంగారి రెట్టలో గుడ్లున్నాయి, పెంకులు గట్టిగా మెరుస్తున్నాయి. మళ్ళీ మళ్ళీ వెతికాను. అప్పట్లో దానికి వేసిన జల్లెడ జాడ లేదు. ఎందుకు లేదు?

డాక్టరుగారు ఆ రోజంతా జాలీ పక్కన కూర్చున్నారు, గంటగంటకూ బంగారి ఒంటివేడి కొలుస్తూ. ఇగువానాకు మనలాగా ఒకే ఒంటివేడి ఉండదు. ఎండలో ఉంటే పెరుగుతుంది, నీడకొస్తే తగ్గుతుంది. గాజుపెట్టెల్లో చిన్న బల్బు కింద బతికేవి ముప్పై రెండు డిగ్రీలు దాటవు. బంగారి మాత్రం తనంతట తను బండ ఎక్కి ముప్పైతొమ్మిది దాకా కాగి, చాలనుకున్నప్పుడు రేకుల కిందికి దిగి, మళ్ళీ ఎక్కుతోంది. రోజుకు నాలుగైదు గంటలు అదే పని. ఆవిడ కాగితం మీద అంకెలు చూస్తూ చూస్తూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"పక్షులకు వేరే రకం చేశాను కానీ, వీటికి వేసిన జల్లెడ ముప్పైఎనిమిది దాటితే బతకదు! నేను గాజుపెట్టెల్లో ఉండేవాటి కోసం తయారుచేశాను. ఎండలో ఉండే దాన్ని ఎప్పుడూ చూడలేదు."

"మనుషుల ఒళ్ళు ఎంత వేడుంటది డాక్టరమ్మా?" అని అడిగారు ఓదెలుగారు.

"ముప్పైఏడు." ఆ మాట అంటూనే ఆవిడకు సంగతి తట్టింది. మంచం పట్టె పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు. పాడేరు పిల్లలకు వేసి ఉంటే దాన్ని తియ్యడానికి ఏ ఎండా పనికొచ్చేది కాదు. కరుణమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు.

ఓదెలుగారు తన ఇంటి వెనక ఖాళీ స్థలం ఇచ్చారు. ఆయనతో గనిలో పనిచేసినవాళ్ళు వచ్చి రెండు రోజుల్లో జాలీలు కట్టారు. విశాఖ, విజయవాడ, హైదరాబాదుల నుంచి జనం తమ ఇగువానాలను తెచ్చారు, తిట్టి వెళ్ళినవాళ్ళు కూడా. అప్పటికి ప్రాణాలతో మిగిలిన ముప్పైరెండు జీవాలు వచ్చాయి, అన్నీ ఎముకల గూళ్ళే. ప్రతిదానికీ బండ, నీడ, నీళ్ళు. ఎండ ఎక్కువై ప్రాణం మీదికి రాకుండా డాక్టరుగారు గొడుగు వేసుకుని వరసల మధ్య తిరుగుతూ ఒక్కోదాని ఒంటివేడి చూసేవారు. ఓదెలుగారు ముంజలు కొట్టి తెచ్చి ఆవిడ నోటి దగ్గర పెడితే గానీ తినేవారు కాదు. యాభైనాలుగేళ్ళ మనిషి, ఆ నెలరోజుల్లో నల్లగా మాడిపోయారు.

మూడు వారాలకు రెట్టల్లో జల్లెడ మాయమైంది. అప్పుడు బంగారి రెట్టలోంచి గుడ్లు వేరుచేసి, శుభ్రం చేసి, మునగాకు మీద చుక్కచుక్కగా వేసి తినిపించాం. పురుగు పేరెత్తితేనే పళ్ళు బిగించే ఆవిడ, ఆ గుడ్లు వాడిపోకుండా తడిబట్ట కప్పి చంటిపిల్లల్లా కాచుకోవడం నేను చూశాను.

ఆరు పోయాయి. మా దగ్గరికి చేరేసరికే ఆలస్యమైనవి. డాక్టరుగారు ఒక్కోదాని యజమానికీ తనే ఫోన్ చేసి చెప్పారు.

జూన్ రెండోవారంలో, తొలకరి పడ్డ మర్నాడు, సీతమ్మధార ఇగువానాను తూకం వేశాను. అంతకు ముందు వారం కంటే నలభై గ్రాములు పెరిగింది. నమ్మకం కుదరక దించి మళ్ళీ వేశాను. నలభై. రెట్ట పలక మీద పెట్టి చూస్తే ఆకు ముక్కలు లేవు, మెత్తటి ముద్ద. దాని మధ్య సన్నటి తెల్లటి పురుగొకటి మెలికలు తిరుగుతోంది.

"మేడం!" అని అరిచాను. ఆవిడ పరుగెత్తుకొచ్చి చూశారు. వెనక ఓదెలుగారు, "సచ్చిందా బతికిందా సెప్పుండ్రి," అంటున్నారు.

"బతికింది," అన్నారు డాక్టరుగారు. "రెండూ బతికాయి."

ఇరవైఆరు ఇగువానాలు తమ ఇళ్ళకు వెళ్ళాయి. వాటికి ఎండ ఎలా చూపించాలో డాక్టరుగారు ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పి పంపారు.

ఆ తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ, జల్లెడ నిల్వలన్నీ నాశనం చెయ్యాలని ఆదేశించింది. కంపెనీ తన దగ్గరున్నవి నాశనం చేసింది. మూల విత్తనం మా ల్యాబులో ఉంది, నాలుగు గాజు బుడ్లలో. అది తన చేత్తోనే చేస్తానని ఆవిడ కోరితే అధికారులు ఒప్పుకున్నారు. ఒకాయన సాక్షిగా వచ్చి కూర్చున్నాడు.

ఆవిడ నాలుగు బుడ్లనూ ఒక్కొక్కటే ఎత్తి వెలుతురులో చూశారు. లేత పసుపు రంగు ద్రవం, అడుగున తెల్లటి తెట్టు. ఆవిరి యంత్రంలో పెట్టి మూత బిగించారు. నూటఇరవైఒక్క డిగ్రీలు. మామూలుగా మేం ఇరవై నిమిషాలు పెడతాం, ఆవిడ గంట పెట్టారు. స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. కరుణమ్మ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలుచున్నారు. గంటసేపు ముగ్గురం ఆ యంత్రం బుసలు వింటూ ఉన్నాం.

గంట మోగింది. ఆవిడ బుడ్లు తీశారు, నాలుగూ పాలు విరిగినట్టయ్యాయి. సాక్షి సంతకం చేసి వెళ్ళిపోయాడు. ఆవిడ బుడ్లు కడిగి, తోమి, బోర్లించారు. చేతులు తుడుచుకుంటూ నా వైపు తిరిగారు.

"పాడేరు పిల్లల శాంపిళ్ళు వచ్చాయా?"

"వచ్చాయి మేడం. నూటపధ్నాలుగు."

"సగం నువ్వు చూడు. సగం నేను చూస్తాను," అని కుర్చీ మైక్రోస్కోపు దగ్గరికి లాక్కున్నారు.